ఎవరూ వదలమనని నీళ్లు

రెల్లుమడుగు లాకుల దగ్గర పైకాలువ గోడలో ఒక నల్లరాయి ఉంది. నీళ్లు ఆ రాయికి కిందున్నంతకాలం పైనుంచి ఉత్తర్వు వస్తేగాని కాపలా లస్కరు లాకు తలుపు ముట్టుకోకూడదు. నీళ్లు రాయిని ముంచాయా, ఇక ఎవర్నీ అడగనక్కర్లేదు. చక్రం పట్టుకుని ముప్ఫై చుట్లు తిప్పాలి. ముప్ఫై చుట్లకి ఇనుపతలుపు బెత్తెడు లేస్తుంది. లేవకపోతే గట్టు తెగుతుంది. ఇదేమీ కాగితం మీద లేదు. జక్కయ్య తాత లస్కరు, తండ్రి లస్కరు. వాళ్ల నోటినుంచి దిగిన మాట.

జక్కయ్యకి యాభై రెండేళ్లు. క్రైస్తవుల కోవెల బడిలో నాలుగో తరగతి దాకా చదివాడు. సంతకం గుండ్రంగా పెడతాడు. మాట మటుకు పొదుపు. ఇల్లు ఊళ్లో కోవెల వెనక. లాకుల దగ్గర రెండు పాయల మధ్యనున్న దిబ్బ మీద ఒక పెంకుటి గది ఉంది. అది లస్కరు గది. దిబ్బకి రాకపోకలకి ఒకటే చెక్కవంతెన.

ఆ గదిలో సర్కారు వారిచ్చిన ట్రాన్సిస్టరు ఒకటుంది. దాని కథ చెప్పాలి.

చైనా యుద్ధం జరిగిన మరుసటి యేడు జనరల్‌గారు ఢిల్లీలో గద్దెనెక్కాడు. ఆర్నెల్లలో ఎన్నికలు పెట్టి తప్పుకుంటానన్నాడు. ఆర్నెల్లయ్యాక నాట్లు కానివ్వండన్నాడు. నాట్లయ్యాక నూర్పిళ్లన్నాడు. ఆ తర్వాత సరిహద్దన్నాడు. అలా పదమూడేళ్లు గడిచాయి. ఆ మధ్యన పుట్టిన పిల్లలకి ఓటంటే ముసలాళ్లు చెప్పుకునే పాతకాలపు జబ్బుల్లో ఒకటి.

ఆయన ఒక ఆనవాయితీ పెట్టాడు. ఏరువాక రోజుల్లో ఒక పొద్దున పది గంటలకి రేడియోలో మాట్లాడేవాడు. అరగంట ఎవరికీ తెలియని భాషలో. ఆఖర్న రెండు మాటలు తెలుగులో: "నీళ్లు వదలండి." ఆ మాట చెవిన పడగానే డెల్టాలోని ప్రతి లాకు దగ్గరా లస్కరు చక్రం తిప్పాలి. అందుకే ట్రాన్సిస్టర్లు. యేడాదికోసారి సెల్లులు కూడా వాళ్లే ఇచ్చేవాళ్లు. సాయంత్రానికి ఊళ్లలోకి నీళ్లూ, ఆయన పేరు మీద మనిషికి పావుకిలో పంచదారా వచ్చేవి. పదమూడేళ్లు అలా జరిగేసరికి జనానికి నీళ్లూ, గద్దె మీది మనిషీ ఒకటైపోయారు.

డెబ్భై ఆరు చైత్రంలో జనరల్‌గారు పోయాడు.

కొడుకుల్లేరు. అల్లుడున్నాడు. చిన్న జనరల్ అని ఆయన కింద పనిచేసినవాడొకడున్నాడు. వారసుడెవరో తేలిన నెలలో ఎన్నికలని రేడియో చెప్పింది. తేలితే కదా. ఇద్దరికీ తెలుసు, ఈ యేడు "నీళ్లు వదలండి" అన్నవాడే డెల్టాకి రాజని. అందుకని వాడిని వీడు అననివ్వలేదు, వీడిని వాడు అననివ్వలేదు. రేడియోలో పొద్దస్తమానం వీణ వాయించారు. బెజవాడకీ పటమటకీ తాగడానికని పైకాలువ నింపి పెట్టారు. రెల్లుమడుగు లాకులకి ఎగువన నిండుకుండ, దిగువన బీటలు.

జ్యేష్ఠం సగమయ్యాక తుంగలవారిపాలెం నుంచి బసవపున్నయ్య సైకిలేసుకుని లాకుల దగ్గరికి వచ్చాడు. తుంగలవారిపాలెం కాలువకి శివారు ఊరు. ఉయ్యూరు దాటి ఇంకా పోవాలి. ఎనిమిదెకరాల రైతు. నోరు పదునే కాని మనిషి చెడ్డవాడు కాదు.

"ఏవోయ్ జక్కయ్యా, మీ రేడియో ఏమంటోంది?"

"వీణ వాయిస్తోందండి."

"నలభై రోజుల్నుంచీ వీణేనా! పెళ్లిలో కూడా అంతసేపు వాయించరు కదయ్యా. విత్తనాలు నానబోసి మండె కట్టాను. మొలకలు బారెడయ్యాయి. నుయ్యి తోడించి రెండు కుంటలు తడిపి చల్లాను. రేపు ఆ నుయ్యీ అడుగంటుద్ది. నువ్వేమో ఎగస్పార్టీ వాడిలా ఇట్టా నిలబడ్డావు."

"రాయి మునగలేదండి."

"పోనీ ఆ రాయి మీద నువ్వు కూర్చో. బరువుకి మునుగుద్ది."

జక్కయ్య నవ్వాడు. పున్నయ్య నవ్వలేదు. ఎగువ నీళ్లకేసి చూస్తూ చాలాసేపు నుంచున్నాడు. ఆకలిగా ఉన్నవాడు మిఠాయి కొట్టు ముందు నుంచున్నట్టు. తర్వాత సైకిలెక్కి పోయాడు.

నాలుగోనాడు మధ్యాహ్నం బెజవాడ వైపు ఆకాశం నల్లబడింది. మూడింటికి వాన పట్టుకుంది. రెండు గంటలు విడవకుండా కొట్టింది. కొండల మీద పడ్డ నీళ్లన్నీ ఎర్రగా పైకాలువలోకి దిగాయి. జక్కయ్య గోనెగుడ్డ నెత్తిన కప్పుకుని గోడ మీదనుంచి చూస్తూనే ఉన్నాడు. రాయి నడుము దాకా వచ్చాయి. మెడ దాకా వచ్చాయి. తర్వాత రాయి కనపడలేదు.

గదిలో వీణ మోగుతూనే ఉంది. జక్కయ్య చక్రం పట్టుకున్నాడు.

ముప్ఫై చుట్లు తిప్పాడు. తలుపు కిందనుంచి నీళ్లు బుస్సుమని దూకాయి. రెండు నెలలుగా ఎండిన కాలువలోకి కొత్తనీళ్లు పోతుంటే చూడాలి. ముందు నురగ పోతుంది. నురగ మీద ఎండుగడ్డి, మేకపెంటికలు, ఎవడో పారేసిన చెప్పు. బీటల్లోకి దిగి బుడబుడమంటూ పైకి గాలి తేలుస్తుంది. బొరియల్లోంచి పీతలు పైకొచ్చి ఏమైందా అని చూస్తాయి. ఆ వాసన జక్కయ్య ముక్కుకి తగిలింది.

బెత్తెడు చాలు. రాయి నెమ్మదిగా బయటపడుతోంది కూడా. కాని చెయ్యి ఆగలేదు. ముప్ఫైయొకటి అన్నాడు. నలభై అన్నాడు. తొంభై అయ్యేసరికి తలుపు జానెడు లేచింది. అప్పుడు చక్రం వదిలి చేతులకేసి చూసుకున్నాడు, ఎవరి చేతులో అన్నట్టు. దించడానికి మళ్లీ పట్టుకున్నాడు కూడా. దించలేదు.

ముప్ఫైకి ఆపి ఉంటే ఈ కథ లేదు. ఆ బెత్తెడు నీళ్లు ఉయ్యూరు చేరకముందే ఎండిన కాలువ తాగేసి ఉండేది.

మూడోనాడు పొద్దున్నే బెజవాడ నుంచి హుమాయూన్ వచ్చాడు. లాకుల మరలకి గ్రీజు పెట్టే ఫిట్టరు. పదిహేనేళ్ల స్నేహం. సైకిలు దిగకముందే మొదలెట్టాడు.

"జక్కన్నా, కొత్త జనరలు ఎవరు?"

"నాకేం తెలుసు సాయిబూ."

"నీళ్లు వదిలిన మనిషివి నీకు తెలీదా! మా ఇంటి దగ్గర అందరూ నన్నడుగుతున్నారు. లస్కరు నీ దోస్తు కదా, రేడియోలో ఎవరి గొంతు వినపడిందో కనుక్కుని రా అని పంపారు."

"ఎవరి గొంతూ లేదు. రాయి మునిగింది. తిప్పాను."

హుమాయూన్ సైకిలు స్టాండు వేయడం మర్చిపోయాడు. అది పక్కకి ఒరిగి పడింది.

"రాయా!" అన్నాడు. "అన్నా, అవతల ఊళ్లు ఊళ్లు లేచిపోయాయి. కాలువలోకి నీళ్లొచ్చాయి, అంటే రాజు తేలాడు, మన రేడియోలే పాడయ్యాయి అనుకున్నారు. ఉయ్యూరు బజార్లో సగం కొట్లలో అల్లుడుగారి ఫొటో, సగం కొట్లలో చిన్న జనరల్ ఫొటో. దండలు మాత్రం రెంటికీ ఒకడి దగ్గరే కొన్నారు, వాడు బాగుపడ్డాడు. చల్లపల్లిలో పంచదార ఎప్పుడిస్తారని డిపో ముందు గిన్నెలు పట్టుకుని నిలబడ్డారు. తుంగలవారిపాలెం వాళ్లయితే ఏకంగా ఎన్నికలే పెట్టేశారు."

"ఎన్నికలా?"

"రాజు తేలిన నెలలో ఎన్నికలని రేడియో చెప్పింది కదా. నీళ్లొచ్చాయి, రాజు తేలాడు, ఇంక ఆలస్యమెందుకు, మళ్లీ వాయిదా వేసేలోపు మనది మనం కానిచ్చేద్దాం అన్నారంట. రెండు కుండలు పెట్టారు. చింతగింజ పున్నయ్యగారికి, ఆముదపు గింజ వాళ్ల బావమరిదికి. ఆడవాళ్లు కూడా వేశారంట. పన్నెండు గింజల తేడాతో పున్నయ్యగారు ప్రెసిడెంటు. పంచాయితీ ఆఫీసులో జనరల్‌గారి పటం దించి బీరువా వెనక పెట్టారు."

జక్కయ్య చెక్కవంతెన మీద కూర్చున్నాడు. కింద నీళ్లు పోతున్నాయి. "తలుపు దించితే పోద్దా సాయిబూ?" అన్నాడు.

"ఏం దించుతావు? నీళ్లు దించొచ్చు. వేసిన గింజలు దించుతావా?"

ఆ మధ్యాహ్నమే జీపొచ్చింది. నలుగురు జవాన్లు, ఒక కుర్ర ఆఫీసరు. హుమాయూన్‌ని తరిమేశారు. ఎవరు చెప్తే తిప్పావని ఆఫీసరు అడిగాడు. జక్కయ్య రాయి చూపించాడు. నీళ్లు తీసి, రాయి అప్పటికి శుభ్రంగా ఎండి, దాని మీద ఒక తొండ ఎండ కాగుతోంది. ఆఫీసరు తొండకేసి చూశాడు, జక్కయ్యకేసి చూశాడు.

"తాడిచెట్టెందుకెక్కావురా అంటే దూడగడ్డికన్నాట్ట," అన్నాడు.

ఆ రోజునుంచి జక్కయ్య దిబ్బ దాటడానికి వీల్లేదు. వంతెనకి అటు ఇద్దరు, ఇటు ఇద్దరు. రెండు పాయల్లో నీళ్లు. అరమైలు దూరంలో కోవెల శిలువ కనపడుతూనే ఉండేది. భార్య శౌరమ్మ పూటపూటకీ అన్నం క్యారియరు తెచ్చి వంతెన మొదట్లో పెట్టేది. జవాను మూత తీసి, పచ్చడి వాసన, కూర రుచి చూసి, తెచ్చి ఇచ్చేవాడు. ఇద్దరూ ఈ గట్టునొకరు ఆ గట్టునొకరు నుంచుని మాట్లాడుకోవాల్సి వచ్చేది. ముప్ఫై యేళ్ల కాపురంలో శౌరమ్మతో అంత గట్టిగా మాట్లాడటం జక్కయ్యకి అదే మొదలు.

"ఏమయ్యా, కూర బాగుందా?"

"ఉప్పు తక్కువైంది."

"జవాను తక్కువయ్యిందన్లేదే!"

రెండ్రోజులకి పటమట కాంపాఫీసు నుంచి సూపర్‌వైజరు కృపానందం వచ్చాడు. జక్కయ్య పైవాడు. ఆదివారాలు వాళ్ల సంఘంలో వాక్యం చెప్తాడు. తోలుసంచీ విడవడు, చెమట తుడుచుకోవడం ఆపడు. గదిలో కూర్చుని ఒక టైపు కాగితం తీశాడు.

"సంతకం పెట్టు జక్కయ్యా. ఇంటికి పోదువుగాని. నువ్వు తిప్పింది చిన్న జనరల్‌గారి ఉత్తర్వు మీద. పన్నెండో తారీఖు మధ్యాహ్నం రెండున్నరకి ఫోన్లో చెప్పారు."

"మనకి ఫోనేది సార్?"

"రాసింతర్వాత ఉంటుంది. రేపు పెట్టిస్తారు."

జక్కయ్య ఆలోచిస్తానన్నాడు. కృపానందం కాగితం సంచీలో పెట్టుకుని పోయాడు. మూడోరోజున మళ్లీ వచ్చాడు. ఈసారి కాగితంలో అల్లుడుగారి ఉత్తర్వు. ఫోను కాదు, మోటారు సైకిలు మీద మనిషి.

"మరి మొన్నటి కాగితం సార్?"

"ఏ కాగితం?" అన్నాడు కృపానందం, కళ్లెత్తకుండా. తర్వాత గొంతు తగ్గించాడు. "ఢిల్లీలో మొన్న వాళ్ల చెయ్యి పైన ఉంది. నిన్నటినుంచి వీళ్లది. రేపటి సంగతి నన్నడక్కు. రెండు కాగితాలూ నా సంచీలోనే ఉన్నాయి. నాకూ నిద్ర లేదు."

"చిన్న జనరల్‌గారని పెడితే అల్లుడుగారు ఊరుకోరు. అల్లుడుగారని పెడితే..."

"కప్పకి కోపం, పాముకి కోపం. తెలుసయ్యా. నాకు చెప్తావా?"

జక్కయ్య గోడకానుకుని కూర్చున్నాడు. ఇన్నాళ్లూ గొంతులో ఉన్నది పైకొచ్చింది.

"సార్, నిజం రాయండి. సంతకం పెడతాను. ముప్ఫై చుట్లు రాయికోసం తిప్పాను. అది లస్కరు పని. ఆ పైన అరవై చుట్లు నేనే తిప్పాను. అక్కర్లేదని తెలిసే తిప్పాను. దిగువ బీటలు చూళ్లేక తిప్పాను. ఆ శిక్షేదో నాకు వెయ్యండి."

కృపానందం లేచి వెళ్లి తలుపు దగ్గరికి వేశాడు. తిరిగొచ్చి పక్కనే నేల మీద కూర్చున్నాడు. ఆయన నేల మీద కూర్చోవడం జక్కయ్య ఎన్నడూ చూళ్లేదు.

"ఆ మాట ఇంకెవరి దగ్గరా అనకు నాయనా. నీకు శిక్ష వెయ్యడం ఎంతసేపు? ఆ అరవై చుట్లు కాగితం మీదకెక్కితే వాళ్లిద్దరికీ చావే. అసలెవరూ చెప్పకపోయినా కాలువలో నీళ్లు పారతాయని, లస్కరనేవాడు తిప్పితే చాలని లోకానికి తెలిసిపోదూ? ఆ ఒక్క విషయంలో మటుకు ఇద్దరూ ఒక మాట మీదున్నారు. ఎవరో ఒకరు చెప్పే ఉండాలి."

"ఎవరూ చెప్పలేదు సార్."

"అదే వద్దంటున్నాను."

ఆ కాగితం మీదా జక్కయ్య సంతకం పెట్టలేదు. మర్నాడు పొద్దున జవాన్లే చక్రం పట్టుకుని తలుపు దించారు. చేతగాక ఆపసోపాలు పడ్డారు. మర కీచుమని ఏడ్చింది. అటు కాదు ఇటు తిప్పాలని జక్కయ్యకి నోటిదాకా వచ్చింది, మింగాడు. నువ్వెప్పుడు సంతకం పెడితే అప్పుడు లేస్తుందన్నాడు ఆఫీసరు.

దిగువ కాలువ మొదటిరోజు మడుగులైంది. రెండోరోజు మడుగుల్లో చేపపిల్లలు పక్కకి తిరిగాయి, కొంగలు వచ్చాయి. మూడోరోజు కొంగలు కూడా పోయాయి.

నాలుగోరోజున బసవపున్నయ్య వచ్చాడు. వంతెన అవతల నిలబడ్డాడు. గడ్డం మాసింది. జవాను పోనీలెమ్మని మాట్లాడనిచ్చాడు.

"జక్కయ్యా," అన్నాడు. ఏవోయ్ లేదు ఈసారి. "నారు జానెడయ్యింది. ఆకు చుట్టుకుంటోంది. ఇంక మూడ్రోజులాగితే పశువులకి కోసెయ్యాలి. ఒక్క నాదే కాదు, శివారు మొత్తం."

"తెలుసండి."

"అదొకటి. ఇంకోటుంది." పున్నయ్య జవానుకేసి చూసి గొంతు తగ్గించబోయాడు. నడుమ పాయ ఉంది, తగ్గిస్తే వినపడదు. కేకేసే చెప్పాల్సి వచ్చింది. "ఆ గింజల సంగతి నీకు తెలిసే ఉంటుంది. నీళ్లు ఎవరో ఒకరు వదలమంటే వచ్చినయ్యనుకో, మేం పొరబడ్డాం, వెధవలం, నాలుగు మొట్టికాయలేసి వదిలేస్తారు. ఎవరూ వదలమనకుండా వచ్చినయ్యనుకో, నువ్వు దొంగవి, మేం తిరగబడ్డవాళ్లం. కుండల్లో గింజలేసిన మూడొందల ఎనభై మందీ. మా అమ్మ కూడా వేసిందయ్యా. ఎనభై రెండేళ్ల ముసల్ది. చింతగింజ చేతిలో పెట్టుకుని గంటసేపు వరసలో నుంచుంది."

"మీరే గెలిచారంటగా."

"గెలిచాను. ఆ రోజునుంచి అన్నం సయించట్లేదు. పటం మళ్లీ ఎక్కించాను. బీరువా వెనక ఎలక కొట్టింది, ఒక మీసం పోయింది. బొగ్గుతో దిద్దాను." పున్నయ్య కండువా తీసి చేతికి చుట్టుకున్నాడు. "ఎవరి పేరైనా పెట్టు జక్కయ్యా. నీకో దణ్ణం. ఎవరిదైతే మనకేం?"

ఆయన నిజంగానే చేతులెత్తి దణ్ణం పెట్టాడు. కాలువ గట్టు మీద ఒక కమ్మ రైతు తనకి చేతులు జోడించడం తండ్రి చూస్తే ఏమనేవాడో. వద్దు బాబూ అని చేతులూపాడు.

ఆ పూట శౌరమ్మ క్యారియరు పెట్టి వెళ్లిపోలేదు. పున్నయ్య కనుచూపు దాటాక అడిగింది.

"ఏమంటావు?"

"పెడితే ఎవడో ఒకడు నా సంతకం మీద కూర్చుంటాడే."

"పెట్టకపోతే?"

"నారు పోద్ది."

శౌరమ్మ కొంగు సర్దుకుంది. "నువ్వు మొదటి ముప్ఫైకే ఆపాల్సింది," అంది. జక్కయ్య వెనక్కి తిరగబోయాడు. వెంటనే ఆమే అంది, "ఆపితే మటుకు నువ్వు నువ్వెట్టా అవుతావు? పో, అన్నం తిను. చల్లారుద్ది."

మర్నాడు పది గంటలకి కృపానందం మూడో కాగితం తెచ్చాడు. ఆయన ముఖంలో చెమట లేదు. అది చూసే జక్కయ్యకి భయమేసింది.

"తేలిపోయింది," అన్నాడు కృపానందం. "ఇద్దరూ రాజీపడ్డారు."

"ఎవరు సార్ రాజు?"

"జనరల్‌గారే."

"ఆయన పోయారు కదా సార్?"

"ఆయనే ఉంటాడు. ఆయన పేరు మీద ఇద్దరూ కలిసి చూసుకుంటారు. నీళ్లు వదలమని చెప్పింది కూడా ఆయనే. పోయేముందు రెల్లుమడుగు లస్కరుకి కబురు పంపాడు, ఫలానా రోజున తిప్పమని. నువ్వు ఆ మాట నిలబెట్టావు. జనం పొరబడ్డారు, వాళ్లని క్షమించారు. ఆయన చెప్పి ఉంచిన పనులు ఇంకా చాలా ఉన్నాయట. అవన్నీ అయ్యాక ఎన్నికలు."

"పోయినాయన పనులు ఎప్పటికవుతాయి సార్?"

కృపానందం కలం మూత తీసి కాగితం పక్కన పెట్టాడు.

జక్కయ్య కాగితాన్ని రెండుసార్లు చదివాడు. అక్షరాలు కూడబలుక్కుంటూ, పెదాలు కదుపుతూ. అరవై చుట్లు అందులో ఎక్కడా లేవు. ముప్ఫై కూడా లేవు. కిటికీలోంచి దిగువ కాలువ కనపడుతోంది. అడుగున బురద పెంకుల్లా లేస్తోంది. ఇక్కడే ఇలా ఉంటే శివారున ఎలా ఉంటుందో కళ్లు మూసుకుని చెప్పగలడు. కలం తీసుకుని గుండ్రంగా సంతకం పెట్టాడు. కింద తారీఖు కూడా వేశాడు, అలవాటు.

సోమవారం పొద్దున గట్టు మీద షామియానా వేశారు. ఫొటోగ్రాఫర్లు వచ్చారు. శివారు ఊళ్లనుంచి లారీల్లో జనాన్ని తెచ్చి నిలబెట్టారు. పున్నయ్యని ముందు వరసలో నిలబెట్టారు. బల్ల మీద ట్రాన్సిస్టరు పెట్టి, దానికి మైకు ఆనించారు. పదింటికి వీణ ఆగింది. జనరల్‌గారి గొంతు వచ్చింది.

మూడేళ్ల కిందటి ఉపన్యాసం అది. ఆ యేడు ఆయనకి జలుబు చేసింది. మధ్యలో మూడుసార్లు దగ్గి, మంచినీళ్లు తాగిన చప్పుడు వినపడింది. ఇప్పుడూ సరిగ్గా అక్కడే దగ్గాడు, అక్కడే నీళ్లు తాగాడు. గట్టు మీద నుంచున్న వాళ్లందరికీ తెలుసు. ఒకరి ముఖం ఒకరు చూసుకోలేదు. అందరూ మూసి ఉన్న తలుపుకేసి చూశారు.

"నీళ్లు వదలండి," అన్నాడు చచ్చిపోయినాయన.

జక్కయ్య చక్రం తిప్పాడు. ఈసారి లెక్కపెట్టలేదు. చాలు అని ఆఫీసరు అనేదాకా తిప్పాడు. నీళ్లు దూకాయి. లారీల వాళ్లు చప్పట్లు కొట్టమంటే జనం కొట్టారు. పున్నయ్య కొట్టాడు. కళ్లవెంట నీళ్లు కారుతున్నాయి, అవి నారు దక్కినందుకో మరెందుకో ఆయనకే తెలియాలి.

షామియానా విప్పేశాక జక్కయ్య క్యారియరు, తువ్వాలు, దుప్పటి మూట కట్టుకుని వంతెన మీదకొచ్చాడు. జవాను తుపాకీ అడ్డం పెట్టాడు.

"సార్!" అని కేకేశాడు జక్కయ్య. కృపానందం జీపు ఎక్కబోతున్నవాడు వెనక్కి వచ్చాడు.

"సంతకం పెడితే ఇంటికన్నారు."

"అన్నాను. అప్పటి కాగితం వేరు." కృపానందం జేబురుమాలు తీశాడు. చెమట మళ్లీ పట్టింది. "నువ్వు మామూలు లస్కరువి కాదు జక్కయ్యా ఇప్పుడు. దేశం మొత్తానికి జనరల్‌గారి ఆఖరి మాట విన్నవాడివి నువ్వొక్కడివే. ఊళ్లో తిరుగుతుంటే ఎవరో ఒకరు అడుగుతారు, నువ్వేదో ఒకటంటావు. అల్లుడుగారి వాళ్లు ఎత్తుకుపోతారని చిన్న జనరల్‌గారి వాళ్లకి భయం, వీళ్లు ఎత్తుకుపోతారని వాళ్లకి భయం. అందుకని రెండు వైపులనుంచీ ఇద్దరేసి జవాన్లు ఉంటారు. నీ క్షేమం కోసమే. జీతం పెంచారు."

"ఎన్నాళ్లు?"

"ఎన్నికలదాకా."

జీపు పోయింది. జక్కయ్య మూట పట్టుకుని వంతెన మీదనుంచి మళ్లీ దిబ్బ మీదకి నడిచాడు.

రెండు వారాలు గడిచాయి. శివారు దాకా నాట్లు పడుతున్నాయని హుమాయూన్ గట్టు మీదనుంచి కేకేసి చెప్పి పోయాడు. లోపలికి రానివ్వలేదు. ఆ ఆదివారం పూజ అయ్యాక శౌరమ్మ వచ్చింది. క్యారియరు లేదు. రిక్షాబండిలో వంటగిన్నెలు, పీట, రోలు, తట్టలో రెండు కోళ్లు, చిలక్కొయ్యకి తగిలించే మరియమ్మ పటం. ఇంటికి తాళం వేసి చెవి కోవెల ఉపదేశికి ఇచ్చిందట.

"ఎవరూ లోపలికి పోగూడదమ్మా," అన్నాడు జవాను.

"పోతాను కాని మళ్లీ బయటికి రానులే," అంది శౌరమ్మ. జవాన్లు నలుగురూ ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. లోపలున్నవాడు బయటికి పోకూడదని వాళ్లకి చెప్పారు గాని, లోపలికి కాపరానికి వచ్చేవాళ్ల సంగతి ఎవరూ చెప్పలేదు. రోలు బరువని ఒకడు సాయం పట్టాడు కూడా.

సాయంత్రానికి గది వెనక మూడు రాళ్లు పెట్టి పొయ్యి రాజేసింది. కోళ్లు దిబ్బంతా ఒకసారి చుట్టి చూసి, నీళ్ల అంచు దాకా వెళ్లి, వెనక్కి వచ్చాయి. జక్కయ్య గుమ్మంలో కూర్చుని వాటినే చూస్తున్నాడు.

శౌరమ్మ కొంగు ముడి విప్పి బీరగింజలు తీసింది. తట్ట అడుగునుంచి మొలకెత్తిన కొబ్బరికాయ కూడా ఒకటి తీసి పక్కన పెట్టింది.

"ఏమయ్యా, బీరపాదు పెట్టుకుంటే సరిపోద్దా, కొబ్బరి మొక్క పెట్టనా?"

బీరపాదు రెండు నెలల్లో కాపుకొస్తుంది. కొబ్బరి కాపుకి ఏడేళ్లు.

జక్కయ్య లేచి గది మూలనున్న గడ్డపార తెచ్చాడు. జవాన్లకి అడ్డంలేని చోటు చూసి, గోచీ బిగించి, కొబ్బరికి పట్టేంత గొయ్యి తవ్వడం మొదలెట్టాడు.